నాటకం, జాతీయవాదం, జనం జ్ఞాపకం మీద పీహెచ్‌డీ చెయ్యాలంటే: ప్రశ్న దగ్గర్నుంచి థీసిస్ దాకా

నాటకం మీద పీహెచ్‌డీ అనగానే మన దగ్గర ఎక్కువమంది ఏం చేస్తారంటే, ఒక నాటకకర్తని పట్టుకుని జీవితం, రచనలు, పాత్రచిత్రణ, రసపోషణ అని అధ్యాయాలు కట్టేసి చివర్లో ముగింపు పెట్టేస్తారు. దానికీ ఒక విలువ ఉంది, కాదనను. కానీ టైటిల్లో జాతీయవాదం, సామూహిక జ్ఞాపకం అని రాసుకున్నాక ఆ పద్ధతి సరిపోదు. ఎందుకంటే ఇక్కడ మనకి కావాల్సింది అచ్చులో ఉన్న నాటకం ఒక్కటే కాదు, పెట్రోమాక్స్ లైట్ల కింద తెల్లారేదాకా ఆడిన నాటకం, అది చూసి ఇంటికెళ్ళిన జనానికి ఏం మిగిలింది, యాభై ఏళ్ళ తర్వాత అదే ఊళ్ళో వాళ్ళ పిల్లలు దాన్ని ఏమని చెప్పుకుంటున్నారు, ఇదంతా కావాలి. నాటకం ప్రతి, అంటే పుస్తకంలో ఉన్న రాత, ఒక రకంగా, పోలీసు ఫైలు ఇంకో రకంగా, ముసలాయన చెప్పేది మూడో రకంగా ఉంటాయి, ఈ మూడూ కలవవు. కలవని ఆ చోటే మీ థీసిస్ అని నా అభిప్రాయం. కింద రాసిందంతా దాన్ని ఎలా పట్టుకోవాలన్నదే.

మొదటి మెట్టు: టాపిక్ వదిలేసి ప్రశ్న పట్టుకోండి

"తెలుగు నాటకరంగంలో జాతీయవాదం" అని సినాప్సిస్ పెడితే ఏ కమిటీ అయినా ఓకే అంటుంది, ఆ తర్వాత రెండేళ్ళు ఎక్కడ మొదలెట్టాలో తెలీక మీరే తిరుగుతారు. ఒక ఉదాహరణ చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి బృందం ఒక పెళ్ళి సందర్భంగా కీచకవధ ఆడింది, సురభి నాటకాల చరిత్ర అక్కడే మొదలైందని చెప్తారు. 1907లో మరాఠీలో ఖాడిల్కర్ అనే నాటకకర్త అదే కీచకుడి కథ రాశాడు, చూసినవాళ్ళకి కీచకుడు వైస్రాయిగా చేసిన లార్డ్ కర్జన్‌లా, ద్రౌపది భారతదేశంలా కనబడింది, 1910లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కథ ఒకటే, విరాటపర్వమే. మరి ఒకచోట పెళ్ళింట వినోదమై ఇంకోచోట రాజద్రోహం ఎలా అయింది? తేడా కొంత రాతలో ఉంది నిజమే, కానీ ఎక్కువ భాగం ఎవరు చూశారు, బయట అప్పుడేం జరుగుతోంది, ఆ వారం పేపర్లో ఏం వచ్చింది అన్నదాంట్లో ఉంది.

కాబట్టి మీ ప్రశ్నలో కనీసం నాలుగు ఉండాలి. ఏ ప్రదర్శన, ఏ ప్రాంతంలో, ఏ జనం ముందు, తర్వాత ఎవరి నోట ఎలా నిలబడింది. నాలుగోది లేకపోతే అది నాటక చరిత్ర అవుతుంది, జ్ఞాపకం మీద పరిశోధన అవ్వదు.

రెండో మెట్టు: కేస్ ఎంచుకోవడం

ఇక్కడ కాస్త ఎక్కువ టైం పెట్టండి. నాకు నచ్చిన మూడు కేసులు చెప్తాను, మీకు వేరేవి దొరకొచ్చు.

ఒకటి బొబ్బిలి. 1757 జనవరిలో ఫ్రెంచి బుస్సీ సేనా, విజయనగరం పూసపాటి విజయరామరాజూ ఒకవైపు, బొబ్బిలి కోట ఇంకోవైపు. కోట పడిపోయింది, తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని డేరాలోకి వెళ్ళి చంపాడు. దీన్ని మొదట జంగంకథగా పాడారు, 20వ శతాబ్దంలో శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి నాటకం చేశారు, బుర్రకథ దళాలు చెప్పాయి, 1964లో సినిమా వచ్చింది. ప్రతిసారీ అడగాల్సింది ఒకటే, ఇందులో విలన్ ఎవరు? పక్క సంస్థానం రాజా, తెల్లవాడా? రెండు సంస్థానాల మధ్య పగగా మొదలైన కథ, స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో స్టేజీ మీద బుస్సీ అనే తెల్ల దొర కనిపించేసరికి జనం దాన్ని ఎలా చూసుంటారు? అదే నాటకం బొబ్బిలిలో ఆడితే చప్పట్లు పడే చోటా, విజయనగరంలో ఆడితే పడే చోటా ఒకటేనా? ఇంత చిన్న ప్రాంతంలో, మధ్యలో గంటన్నర బస్సు ప్రయాణం ఉన్న రెండు ఊళ్ళలో, ఒకే యుద్ధానికి రెండు జ్ఞాపకాలు ఉండే అవకాశం ఉంది కదా, దీని మీదే ఒక థీసిస్ నిలబడుతుంది.

రెండోది మా భూమి. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాశారు, కమ్యూనిస్టు ఉద్యమ సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కథ నైజాం తెలంగాణది, భూమి కోసం దొరతో పోరాడి హతుడైన రైతు షేక్ బందగీ కథ వెనకాల ఉంది. కానీ ఆడింది ఎక్కువగా కోస్తా ఆంధ్రలో. అంటే కృష్ణా గుంటూరు పల్లెల్లో ఎంతోమంది తెలంగాణ దొరల దౌర్జన్యాన్ని కళ్ళారా చూడకుండానే "చూసినట్టు" గుర్తుపెట్టుకున్నారు, ఆ గుర్తు స్టేజీ మీద నుంచి వచ్చింది. ఆ తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1969లో తెలంగాణ ఉద్యమం, 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాయి. అప్పుడు "మనందరి పోరాటం" అని చప్పట్లు కొట్టిన ఊళ్ళలో ఇప్పుడు ఆ పోరాటం ఎవరిది అంటే ఏమంటారు? తెలంగాణ వైపు దాన్నే ఎలా చెప్పుకుంటారు? తెలుగు జాతీయత, తెలంగాణ అస్తిత్వం, కమ్యూనిస్టు ఉద్యమం మూడూ ఒక్క నాటకం దగ్గర ముడిపడి ఉన్నాయి.

మూడోది చింతామణి. కాళ్ళకూరి నారాయణరావు నాటకం, వేశ్యావృత్తి మీద సంస్కరణ దృష్టితో రాసింది, వందేళ్ళు ఆడింది, కాలం గడిచేకొద్దీ సుబ్బిశెట్టి పాత్ర కామెడీ పెరిగి పెరిగి బూతులోకి వెళ్ళిపోయింది, చివరికి ఆర్యవైశ్యుల అభ్యంతరంతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. జాతీయవాదం నేరుగా లేకపోయినా, ఒక సమాజం తనని స్టేజీ మీద ఎలా గుర్తుపెట్టుకోవద్దంటోంది అన్న ప్రశ్నకి ఇంతకంటే తాజా కేసు దొరకదు. వలస ప్రభుత్వ నిషేధాన్నీ మన ప్రభుత్వ నిషేధాన్నీ పక్కపక్కన పెట్టి చదివే వీలు కూడా ఉంది.

కేస్ ఫైనల్ చేసే ముందు చిన్న పరీక్ష పెట్టుకోండి. దానికి నాటకం ప్రతి దొరుకుతుందా, కనీసం ఒక ప్రభుత్వ రికార్డో పత్రికా వార్తో ఉందా, మాట్లాడడానికి మనుషులు మిగిలారా. మూడింట్లో రెండైనా ఉండాలి. మా భూమి మొదటి ప్రదర్శనలు పిల్లలుగా చూసినవాళ్ళకి ఇప్పుడు ఎనభై అయిదు దాటేశాయి, వాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే కోర్స్‌వర్క్ అయ్యేదాకా ఆగకండి, ఈ సంక్రాంతి సెలవులకే వెళ్ళండి.

మూడో మెట్టు: సిద్ధాంతం, కావల్సినంతే

హాల్బ్వాక్స్‌తో మొదలెట్టండి. ఫ్రెంచి సోషియాలజిస్టు, 1945లో నాజీల బుఖెన్‌వాల్డ్ క్యాంపులో చనిపోయాడు. మనిషి ఒంటరిగా గుర్తుపెట్టుకోడు, తన ఇల్లు, కులం, పార్టీ, గుడి ఇలా ఏదో ఒక గుంపు ఇచ్చిన చట్రంలోనే గుర్తుపెట్టుకుంటాడు అన్నది ఆయన వాదన. మీ ఇంటర్వ్యూలన్నిటికీ పునాది ఇదే. తర్వాత జ్ఞాపకం మీద రాసిన జర్మన్ పండితులు యాన్ అస్‌మన్, అలైడా అస్‌మన్ దంపతులు. మూడు నాలుగు తరాలు, అంటే ఎనభై నుంచి వందేళ్ళ దాకా నోటి మాటగా తిరిగే జ్ఞాపకం వేరు, ఆ తర్వాత విగ్రహం, పాఠ్యపుస్తకం, వార్షికోత్సవం రూపంలో గట్టిపడే జ్ఞాపకం వేరు అంటారు. 1940ల నాటకాలు సరిగ్గా ఇప్పుడు ఆ గట్టు మీద ఉన్నాయి.

జాతీయవాదం మీద రాసిన బెనెడిక్ట్ ఆండర్సన్‌ని ఎలాగూ అందరూ కోట్ చేస్తారు, పత్రికలూ నవలలూ చదివి ఒకరినొకరు చూడని జనం ఒక జాతి అని ఊహించుకున్నారు అని. మీరు చెయ్యాల్సింది కోట్ చెయ్యడం కాదు, ఆయన్ని నిలదీయడం. 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యత ఆరు శాతం కూడా లేదు. పేపర్ చదవలేని మనిషికి దేశం అనే ఊహ ఎలా చేరింది? హరికథ, బుర్రకథ, పద్యనాటకం, తోలుబొమ్మలాట, వీటి గురించి ఆయన దగ్గర పెద్దగా లేదు, అది మీరు పూరించాల్సిన ఖాళీ. అచ్చు కాగితం కన్నా శరీరంలో, గొంతులో, అలవాటులో దాచుకున్న జ్ఞానం గురించి ప్రదర్శన కళల పరిశోధకురాలు డయానా టేలర్ లాటిన్ అమెరికా ఉదాహరణలతో చెప్పింది, మన పద్యనాటకానికి బాగా పనికొస్తుంది. ఇంతకు మించి మొదటి ఏడాది చదవకండి. సిద్ధాంతం చదువుతూ కూర్చుంటే ఫీల్డ్‌కి వెళ్ళాలనిపించదు, ఆ జబ్బు చాలామందికి ఉంది.

నాలుగో మెట్టు: ఆర్కైవ్

ముందు ఒక చట్టం తెలియాలి, 1876 నాటక ప్రదర్శనల చట్టం. రాజద్రోహం, అశ్లీలం, పరువునష్టం పేరు చెప్పి నాటకాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. తెల్లవాళ్ళు పోయినా అది పోలేదు, కేంద్రం దాన్ని రద్దు చేసింది 2018 జనవరిలో అంటే నమ్ముతారా. ఈ చట్టం వల్ల నాటకకర్తలకి కష్టం, పరిశోధకుడికి లాభం, ఎందుకంటే నిషేధించాలంటే ముందు చదవాలి, చదివితే ఫైలు తయారవుతుంది. ప్రభుత్వ అనువాదకుడు తెలుగు పద్యాన్ని ఇంగ్లీషులోకి ఎలా తిప్పాడో చూస్తే వాళ్ళకి ఏ మాట దగ్గర భయమేసిందో తెలిసిపోతుంది. దామరాజు పుండరీకాక్షుడు రాసిన పాంచాల పరాభవం లాంటి నాటకాల మీద పనిచేసేవాళ్ళు ఈ దారినే పోవాలి, పేరు భారతంది, మంట జలియన్‌వాలాబాగ్‌ది.

మద్రాసు ప్రెసిడెన్సీ భాగానికి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్. పబ్లిక్, జ్యుడీషియల్ డిపార్ట్‌మెంట్ల జీవోలు, దేశభాషా పత్రికల మీద ప్రభుత్వం తయారుచేయించుకున్న రిపోర్టులు అడగండి. యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో పరిచయ లేఖ లేకుండా వెళ్ళకండి, ఫైల్ నంబర్లు ముందే ఇండెక్స్‌లో చూసి రాసుకుని వెళ్తే రెండు రోజులు మిగులుతాయి. నైజాం భాగానికి హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, అక్కడ ఉర్దూ రాకపోతే చెయ్యి విరిగినట్టే, కోర్స్‌వర్క్ టైంలోనే ఉర్దూ లిపి నేర్చేసుకోండి. సభ పెట్టుకోవాలంటే ముందస్తు పర్మిషన్ కావాలన్న గస్తీ 53 లాంటి ఉత్తర్వులు ఉన్న రాజ్యంలో నాటకం గురించి రికార్డు ఏ పేరుతో దాక్కుని ఉంటుందో మీరే ఊహించాలి. "నాటకం" అని వెతికితే దొరక్కపోవచ్చు, "సభ", "శాంతిభద్రతలు" అని వెతకండి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్, లండన్ బ్రిటిష్ లైబ్రరీ రెండింట్లోనూ నిషేధిత సాహిత్యం కలెక్షన్లు ఉన్నాయి, ఢిల్లీవి కొంత అభిలేఖ్ పటల్ సైట్లో ఇంట్లోంచే చూడొచ్చు.

పాత పత్రికలకి వేటపాలెం సారస్వత నికేతనం, 1918లో పెట్టిన లైబ్రరీ, ఒక్కసారైనా వెళ్ళాలి. కమ్యూనిస్టు ఉద్యమం, ప్రజానాట్యమండలి సామగ్రికి హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక పాత సంచికల్లో నాటక సమీక్షలకన్నా ప్రకటనలూ, ఊరివార్తలూ ఎక్కువ ఉపయోగం, సమీక్షల్లో ఎంతసేపూ ఫలానావారి పద్యం శ్రావ్యముగా నుండెను అనే ఉంటుంది.

ఒక్క కరపత్రాన్ని ఎలా చదవాలో చెప్తాను, ఎందుకంటే పరిశోధకులు వీటిని ఫొటో తీసి వదిలేస్తారు. పైన నాటకం పేరు, కింద నటుల పేర్లు ఉంటాయి, అందరూ అక్కడితో ఆపేస్తారు. కిందకి రండి. హార్మోనిస్టు పేరు నటుడి కన్నా పెద్ద అక్షరాల్లో ఉందా? ఉంటే జనం కథ కోసం కాదు, పాట కోసం వస్తున్నారన్నమాట. టికెట్ రేట్లు చూడండి, కుర్చీ, బెంచీ, నేల అని ఉంటుంది, నేలకీ కుర్చీకీ ఎన్ని రెట్లు తేడానో లెక్కెయ్యండి. స్త్రీలకు ప్రత్యేక స్థలం అని ఉందా లేదా. వచ్చిన డబ్బు దేనికి, ఖద్దరు నిధికా, గుడి మరమ్మతుకా, కాంట్రాక్టరు జేబుకా. అచ్చు వేసిన ప్రెస్ ఏ ఊరిది. కొన్నిసార్లు నాటకంలో ఎక్కడా లేని జాతీయవాదం ఆ ఒక్క "నిధి" అన్న లైనులో ఉంటుంది.

ఐదో మెట్టు: మనుషుల దగ్గరికి వెళ్ళడం

అసలు కష్టం, అసలు ఆనందం రెండూ ఇక్కడే. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని "ఏ సంవత్సరంలో చూశారండీ" అని అడక్కండి, అడగ్గానే బిగుసుకుపోతారు, ఎక్కడో విన్న తేదీ చెప్పేస్తారు. పద్యం ఎత్తుకోమనండి. "తాతగారూ, రాయబారం సీన్లో మీ ఊళ్ళో కృష్ణుడు ఎవరు వేసేవారు, ఆయన ఎలా పాడేవాడో ఒక్క ముక్క అనండి" అంటే చాలు, రాగం మొదలయ్యాక మిగతావి వాటంతట అవే వస్తాయి, ఎక్కడ వన్స్‌మోర్ పడేది, ఎవరు చదివింపులు చదివించేవారు, హార్మోనియం ఎవరిది, ఎడ్ల బండి కట్టుకుని ఏ ఊరి నుంచి వచ్చేవారు. సంవత్సరం కావాలంటే పక్కదారిన రండి, అప్పటికి కరెంటు వచ్చిందా, మీకు పెళ్ళయిందా, ఆ ఏడు తుఫాను పడ్డదా అని.

ఆడవాళ్ళని విడిగా అడగండి. మగవాళ్ళు హీరో గురించి చెప్తారు, ఆడవాళ్ళు ఎక్కడ కూర్చున్నారో, ఏ పిల్లాడిని ఒళ్ళో పెట్టుకున్నారో, ఎప్పుడు లేచి రావాల్సొచ్చిందో చెప్తారు. అలాగే ఊళ్ళో ఒక్క వీధిలోనే ఇంటర్వ్యూలు చేసి "గ్రామస్తుల జ్ఞాపకం" అని రాయకండి. నాటకం ఆడిన చోటికి ఏ పేటవాళ్ళు రాగలిగారు, వచ్చినా ఎంత దూరంలో నిలబడ్డారు, ఇది అడగకపోతే హాల్బ్వాక్స్‌ని చదివి లాభం లేదు. బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ చెప్తుంటే ఎవరు ఏ కళ్ళతో విన్నారన్నది కూడా వీధిని బట్టి మారుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. వాళ్ళు తప్పు చెప్తారు. తప్పు చెప్పినప్పుడు సరిదిద్దకండి, నోట్ చేసుకోండి. ఇటలీలో టెర్ని అనే ఊళ్ళో లుయిజీ ట్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుణ్ణి 1949లో నాటో వ్యతిరేక ర్యాలీలో పోలీసులు చంపారు, కానీ ఊరి జనంలో చాలామంది 1953లో ఉద్యోగాలు పీకేసినప్పటి గొడవల్లో చనిపోయాడని చెప్పారు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లీ దాన్ని తప్పుగా కొట్టేయలేదు, ఆ చావుకి తమ జీవితంలో అంత పెద్ద సందర్భం ఉండాలని జనం దాన్ని జరిపారని చూపించాడు. మన దగ్గర ఇదే మా భూమి విషయంలో ఎదురవుతుంది. 1979లో అదే పేరుతో సినిమా వచ్చింది, దాని మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల, 1947 నాటకం కాదు. అయినా "నాటకంలో బండెనక బండి కట్టి పాట భలే పాడేవారు" అని ఎవరైనా అంటే ఆగి ఆలోచించండి. పాట పోరాటం నాటిదే, బండి యాదగిరిది, కానీ అందరి నోళ్ళలోకీ వచ్చింది సినిమాలో గద్దర్ గొంతు తర్వాత. ఆ పెద్దాయన నిజంగానే అప్పుడు విన్నాడా, సినిమా వచ్చి పాత జ్ఞాపకం మీద కూర్చుందా? రెండూ పనికొచ్చేవే. ఇంకో ముగ్గుర్ని అడిగి చూడండి, ముగ్గురూ అదే అంటే మీకు అధ్యాయం దొరికింది.

టెక్నికల్‌గా, ఫోన్‌లో కాకుండా చిన్న రికార్డర్ కొనుక్కోండి, ఫ్యాన్ ఆపించండి, ఫైల్ పేరులో తేదీ, ఊరు, కోడ్ నంబర్ పెట్టండి, ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చెయ్యండి. సమ్మతి పత్రం తెలుగులో, మాట్లాడే భాషలో రాయించండి, చదవలేనివాళ్ళ దగ్గర చదివి వినిపించి ఒప్పుకున్నది రికార్డ్ చెయ్యండి. సంతకం అనగానే భూమి కాగితాలేమో అని భయపడతారు, ముందే ఇంట్లోవాళ్ళకి చెప్పాలి.

ఆరో మెట్టు: పక్కపక్కన పెట్టడం, రాయడం

పెద్ద కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి. నాటకం ప్రతి, ప్రభుత్వ రికార్డు, పత్రిక, నోటిమాట. ఒక్కో సీనుకి ఒక్కో వరుస. బొబ్బిలి అయితే కోటలో ఆడవాళ్ళ చావు సీను తీసుకుని నాలుగు గళ్ళూ నింపండి. కొన్ని ఖాళీగా ఉండిపోతాయి, ఉండనివ్వండి. ప్రతిలో నాలుగు లైన్లున్న సీను జనం నోట అరగంట నడిచిందంటే, లేదా ప్రతిలో పేజీలకి పేజీలున్న దేశభక్తి ఉపన్యాసం ఒక్కరికీ గుర్తులేదంటే, మీ వాదన అక్కడ పుడుతుంది. నాకు తెలిసినంతలో ఉపన్యాసాలు ఎవరికీ గుర్తుండవు, చావులూ పాటలూ గుర్తుంటాయి. జాతీయవాదం మీద రాసేవాళ్ళు ఉపన్యాసాలనే కోట్ చేస్తారు, అదో విచిత్రం.

రాసేటప్పుడు సిద్ధాంతానికి విడిగా నలభై పేజీల అధ్యాయం పెట్టకండి, ఎవరూ చదవరు, ఎగ్జామినర్ కూడా తిప్పేస్తాడు. కేసు మధ్యలో అవసరమైన చోట తెచ్చుకోండి. "జాతి" అన్నప్పుడల్లా ఏ జాతి అని మిమ్మల్ని మీరే అడగండి, భారతమా, తెలుగా, తెలంగాణా, కులమా. ఒకే నాటకంలో నాలుగూ ఉంటాయి, ఒకే నటుడు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి అయివుంటాడు. ఇంగ్లీషులో రాస్తుంటే పద్యాన్ని తెలుగు లిపిలోనే పెట్టి కింద అర్థం ఇవ్వండి, పద్యం లేకపోతే సగం ఆధారం పోయినట్టే.

టైం, డబ్బు గురించి క్లుప్తంగా. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, మామూలుగా గరిష్ఠం ఆరు, కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000 రూపాయలు, అది 2023 జనవరి నుంచి. అది లేనివాళ్ళకి చెన్నై, ఢిల్లీ ప్రయాణాలు భారమే, అందుకే ఫీల్డ్ మీ సొంత జిల్లా చుట్టూ ఉండేలా కేసు ఎంచుకోవడంలో సిగ్గేం లేదు. గైడ్ దగ్గరికి ఖాళీ చేతుల్తో వెళ్ళకండి, ప్రతిసారీ ఒక కరపత్రమో, ఇంటర్వ్యూ ముక్కో, రెండు పేజీల రాతో తీసుకెళ్ళండి. థియేటర్ డిపార్ట్‌మెంట్లో చేస్తుంటే హిస్టరీ నుంచి ఒకరు, హిస్టరీలో చేస్తుంటే నాటకం తెలిసిన ఒకరు అడ్వైజరీ కమిటీలో ఉండేలా అడిగి వేయించుకోండి, వైవాలో అడిగే ప్రశ్నలు ముందే వచ్చేస్తాయి.

చివరగా, డిగ్రీ వచ్చాక థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భండారంలోకి వెళ్తుంది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఊరి పేరు, కులం, వేసిన పాత్ర మూడూ కలిపి రాస్తే పేరు రాయకపోయినా ఆ ఊళ్ళో అందరికీ ఎవరో తెలిసిపోతుంది, కాబట్టి పేరు వద్దన్నవాళ్ళ విషయంలో మూడింట్లో ఒకటి మార్చేయాలి లేదా తీసేయాలి, సబ్మిట్ చేసే ముందే. ఇంటర్వ్యూ ఆడియో కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఆ ఇంటికి ఇచ్చి రండి. వాళ్ళు అడగరు, మీరే ఇవ్వండి.